ఏడాది ఎంబీయేనా, రెండేళ్ల మేనేజ్‌మెంట్ మాస్టర్సా? రెండు అడ్మిట్లు వచ్చాయి, సలహా కావాలి

నీలాంబరి

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

ఆడిట్ సంస్థలో చేరి రెండేళ్లు దాటింది. పని బాగానే ఉంది కానీ, జరిగిపోయిన లెక్కలు సరిచూడటం కంటే జరగబోయే పని నడిపించడం మీదే నాకు మనసు. సప్లయ్ చెయిన్ వైపు మారాలని, పెద్ద వినియోగ వస్తువుల కంపెనీలో, వీలైతే జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో పనిచేయాలని ఉంది.

రెండు అడ్మిట్లు చేతిలో ఉన్నాయి. ఒకటి పది నెలల ఎంబీయే, ఆగస్టులో మొదలు. స్కూలు జర్మనీలో కాదు, నెదర్లాండ్స్‌లోనూ కాదు. రెండోది జర్మనీలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో రెండేళ్ల మేనేజ్‌మెంట్ మాస్టర్స్. ఒక సెమిస్టరు వేరే దేశంలో చదవాలి, లోపలికి వెళ్లాక సెమ్స్ అనే బిజినెస్ స్కూళ్ల కూటమి ఇచ్చే డిగ్రీకి పోటీ పడే అవకాశమూ ఉంది. స్కూళ్ల పేర్లు చెప్పట్లేదు. చెబితే చర్చంతా ర్యాంకుల మీదికి పోతుంది.

రెండు బ్రోషర్లలోనూ పేజీకి నాలుగుసార్లు "అంతర్జాతీయ" అని ఉంది. దాని వెనక ఏముందో, నేను కోరుకున్న చోటికి ఏ దారి చేరుస్తుందో అనుభవం ఉన్నవాళ్లు చెప్పాలి. నెలాఖరులోపు ఏదో ఒకదానికి ఒప్పుకోవాలి.

వలసపక్షి

అభినందనలు నీలాంబరి గారూ. నేను ఏడాది ఎంబీయే చేశాను, కాబట్టి ఆ వైపు చెబుతాను.

పది నెలల కోర్సు అంటే రెండేళ్ల కోర్సులో సగం కాదు, అదే సరుకు రెట్టింపు వేగంతో. మొదటి నాలుగు నెలల్లో ఫైనాన్స్, అకౌంటింగ్, స్టాటిస్టిక్స్, మార్కెటింగ్ అన్నీ మీద పడతాయి. ఆడిట్ నుంచి వస్తున్నారు కాబట్టి అకౌంటింగ్ మీకు ఇబ్బంది కాదు. ఆ మిగిలిన టైము ఉద్యోగ వేటకి పెట్టుకోవచ్చు, అది మీకు నిజమైన బలం.

మీరు రాసిన దాంట్లో నన్ను ఆపింది "ఆగస్టు" అన్న మాట. ఇన్సియాడ్ బిజినెస్ స్కూల్నే ఉదాహరణగా తీసుకోండి. అక్కడ జనవరి బ్యాచ్‌కి మధ్యలో వేసవి విరామం వస్తుంది, ఇంటర్న్‌షిప్ చేసుకోవచ్చు. ఆగస్టు బ్యాచ్‌కి ఆ విరామం లేదు. ఉన్న రంగంలోనే పైకి వెళ్లాలనుకునేవాళ్లకి ఆగస్టు చక్కగా సరిపోతుంది. రంగం మారేవాళ్లకి ఇంటర్న్‌షిప్పే వంతెన. మీ స్కూల్లో ఎలా ఉందో ముందు అది కనుక్కోండి. జనవరికి మార్చుకునే వీలుంటే అడగండి, కొన్ని స్కూళ్లు ఒప్పుకుంటాయి.

మూడోబెంచీ

నాది కొంచెం కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి.

క్లాసులో ఎన్ని దేశాలవాళ్లున్నారన్నది ఉద్యోగానికి పనికొచ్చే అంకె కాదు. నేను చదివిన చోట తొలి వారం అందరూ కలిసే తిరిగారు. నెల గడిచేసరికి స్పానిష్ మాట్లాడేవాళ్లొక బల్ల, మాండరిన్ మాట్లాడేవాళ్లొక బల్ల, మనవాళ్లొక బల్ల. గ్రూపు పని ఉంటే కలుస్తారు, అయిపోగానే ఎవరి బల్లకి వాళ్లు. కంపెనీలొచ్చినప్పుడు మొదటి ప్రశ్న "ఇక్కడి భాష వచ్చా?", రెండోది "పని చేయడానికి అనుమతి ఉందా?" ఈ రెంటికీ జవాబు లేకపోతే పక్క సీట్లో ఏ దేశంవాడు కూర్చున్నా ఒరిగేదేమీ లేదు.

తూరుపుగాలి

మూడోబెంచీ గారు భాష గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. క్లాసు గురించి చెప్పింది మాత్రం నేను ఒప్పుకోను.

నేను సెమ్స్ చేశాను. తెలియనివాళ్ల కోసం: 1988లో పారిస్ హెచ్‌ఈసీ, బార్సిలోనా ఎసాడే, మిలాన్ బొకోని, కొలోన్ యూనివర్సిటీ కలిసి పెట్టిన కూటమి ఇది. ఇప్పుడు ముప్పైకి పైగా స్కూళ్లున్నాయి. సాధారణంగా దేశానికొకటి. నెదర్లాండ్స్ నుంచి రోటర్‌డామ్, స్విట్జర్లాండ్ నుంచి సెయింట్ గాలెన్, ఇలా. మీ సొంత స్కూల్లో మాస్టర్స్ చదువుతూనే ఇంకో సభ్య స్కూల్లో ఒక సెమిస్టరు, విదేశంలో ఇంటర్న్‌షిప్, ఒక కంపెనీ ఇచ్చిన అసలు సమస్య మీద జట్టుగా బిజినెస్ ప్రాజెక్టు చేస్తారు. వీటికి తోడు మాతృభాష, ఇంగ్లీషు కాకుండా ఇంకో భాష కూడా నేర్చుకోవాలి. బయట నుంచి నేరుగా దరఖాస్తు ఉండదు, సభ్య స్కూలు ద్వారానే వెళ్లాలి.

ఇక గ్రూపు పని. మా ప్రాజెక్టు ఒక గిడ్డంగి మూసేయాలా వద్దా అన్నది. జట్టులో ఒకరు బ్యాంకులో ఇంటర్న్‌షిప్ చేసి వచ్చారు, ఒకరు ఇంజనీరింగ్ చదివారు, ఒకరు సామాజిక శాస్త్రం. బ్యాంకు ఆమె మొదటి మీటింగ్‌లోనే మూసేస్తే ఎంత మిగులుతుందో లెక్క తెచ్చింది. ఇంజనీరు ఆ లెక్క పక్కన పెట్టి, పండగ సీజన్‌లో అక్కడి నుంచే మూడో వంతు సరుకు వెళ్తోందని, మూస్తే లారీలు ఎక్కడ ఆగుతాయని అడిగాడు. రెండు వారాలు వాదించుకున్నాం. అందరూ "ఖర్చు" అనే అంటున్నారు. ఒకరికి అది ఏడాది చివర పట్టీలో కనపడేది, ఇంకొకరికి మంగళవారం ఉదయం లారీ రాకపోవడం. ఆ వాదనకి దేశంతో సంబంధం లేదు, ఎవరు ఏ పని నేర్చుకుని వచ్చారన్నదే అసలు తేడా. ఇంటర్నేషనల్ మేనేజ్‌మెంట్ క్లాసుల్లో దేశాల సంస్కృతుల తేడాలు చూపే హాఫ్‌స్టెడే కొలతలు చెబుతారు కదా, ఐబీఎం ఉద్యోగుల మీద 1967 నుంచి 1973 వరకు చేసిన సర్వేల నుంచి వచ్చినవి. అవి దేశాల సగటులే కానీ ఎదురుగా ఉన్న మనిషిని అంచనా వేయడానికి కాదని ఆయనే హెచ్చరించాడు. ఆ మాట నాకు అర్థమైంది ఈ గిడ్డంగి దగ్గరే.

నీలాంబరి గారు సప్లయ్ చెయిన్‌లోకి వెళ్తే రోజూ చేసేది ఇదే. ఫైనాన్స్‌వాళ్లకీ ఫ్యాక్టరీవాళ్లకీ మధ్య నిలబడి ఇద్దరికీ అర్థమయ్యేలా మాట్లాడాలి. ఆడిట్ చేసినవాళ్లకి సగం భాష ముందే వచ్చు.

మూడోబెంచీ

గిడ్డంగి ఉదాహరణ బాగుంది, ఒప్పుకుంటాను. జట్టుని స్కూలే ఏర్పరచి, ఏదో ఒక నిజమైన పని ఇస్తే అలా జరుగుతుంది. మా దగ్గర జట్టు మేమే ఎంచుకునేవాళ్లం, అందుకే ఎవరి బల్ల వాళ్లదయింది. నీలాంబరి గారూ, ఇది కూడా అడగండి: జట్లు ఎవరు కడతారు, ఎంతకాలం అదే జట్టు?

చిట్టాపద్దు

ఆలస్యంగా చూశాను. నేను చెప్పేది లెక్కల వైపు. కాస్త పొడుగవుతుంది.

ముందు ర్యాంకుల సంగతి, పేర్లు చెప్పకపోయినా రాత్రి అందరూ చూసుకునేది అదే కాబట్టి. ఫైనాన్షియల్ టైమ్స్ ఎంబీయే ర్యాంకులు 1999 నుంచి, మేనేజ్‌మెంట్ మాస్టర్స్ ర్యాంకులు 2005 నుంచి వేస్తోంది. రెంటిలోనూ జీతానికి పెద్ద వాటా. ఆ జీతం పట్టా పుచ్చుకున్న మూడేళ్ల తర్వాతది. పైగా దేశాల మధ్య ధరల తేడా సర్దుబాటు చేసి డాలర్లలో చూపిస్తారు. కాబట్టి ఆ కాలమ్‌లో కనపడేది ఎవరి ఖాతాలోనూ పడిన జీతం కాదు. స్కూళ్లని పోల్చడానికి పనికొస్తుంది కానీ అప్పు తీర్చే లెక్క వేయడానికి పనికిరాదు.

ఇంకోటి. సెయింట్ గాలెన్ ఆ మాస్టర్స్ ర్యాంకుల్లో 2011 నుంచి పదేళ్లకు పైగా మొదటి స్థానంలో ఉంది. గొప్ప స్కూలు, అందులో సందేహం లేదు. కానీ యూరప్ బయటినుంచి వచ్చినవాళ్లకి చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి స్విట్జర్లాండ్ ఇచ్చేది 6 నెలలే. జర్మనీ 18 నెలలు ఇస్తుంది. ఈ తేడాని ఏ ర్యాంకూ లెక్కలోకి తీసుకోదు. మనలాంటివాళ్లకి మాత్రం అదే మొదటి లెక్క.

ఇక అసలు చదవాల్సింది స్కూలు వేసే ఎంప్లాయ్‌మెంట్ రిపోర్టు. ఆడిట్ చేసే మీకు ఇది చేతిలో పని. పైన పెద్ద అక్షరాల్లో "92 శాతం" అని ఉందనుకుందాం. దేని మీద 92? క్లాసు 200 మంది. అందులో తమ కంపెనీయే పంపితే వచ్చి తిరిగి అక్కడికే వెళ్లేవాళ్లు, వ్యాపారం పెట్టుకున్నవాళ్లు, పై చదువుకి వెళ్లినవాళ్లు 50 మంది పోతే, ఉద్యోగం వెతుకుతున్నది 150. ఆ 150లో ఎంతమంది వివరాలు ఇచ్చారన్నది ఇంకో గీత. జీతం ఎంతో చెప్పినవాళ్లు ఇంకా తక్కువ. ఆఖరికి సగటు జీతం 90 మంది మాట మీద నిలబడి ఉండొచ్చు. అబద్ధం ఎక్కడా లేదు, హారం మారుతూ వచ్చిందంతే. బిజినెస్ స్కూళ్ల కెరీర్ ఆఫీసుల సంఘం ఒకటి ఉంది, దాని ప్రమాణాల ప్రకారం పట్టా నాటికి ఎంత, మూడు నెలల తర్వాత ఎంత అని విడివిడిగా చూపాలి. మీ ఎంబీయే స్కూలు ఆ ప్రమాణం పాటిస్తోందో లేదో రిపోర్టు అడుగున రాసి ఉంటుంది.

పేరు ఎంత పెద్దదైనా ఏడాది ఏడాదికీ మార్పు ఉంటుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో 2022 బ్యాచ్‌లో ఉద్యోగం వెతికినవాళ్లలో మూడు నెలల తర్వాత కూడా దొరకనివాళ్లు 10 శాతం. 2024 బ్యాచ్‌లో అది 23 శాతం. కాబట్టి ఒక్క ఏడాది రిపోర్టు చూసి తేల్చకండి, మూడేళ్లవి పక్కపక్కన పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం: మీకు కావలసిన దేశం, మీకు కావలసిన పని, మీలాంటి పాస్‌పోర్టు. ఈ మూడూ కలిసే గడిలో ఎంతమంది ఉన్నారు? రిపోర్టులో ఆ గడి ఉండదు. అడ్మిషన్స్‌కి కాకుండా కెరీర్ ఆఫీసుకి ఈమెయిల్ రాయండి. "గత మూడు బ్యాచుల్లో యూరప్ బయటి పాస్‌పోర్టుతో, జర్మన్ రాకుండా, జర్మనీలో ఆపరేషన్స్ లేదా సప్లయ్ చెయిన్ ఉద్యోగంలో చేరినవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఒకరిద్దరితో మాట్లాడించగలరా?" అని. మంచి స్కూలు సూటిగా జవాబిస్తుంది. జవాబు బదులు మళ్లీ బ్రోషర్ వస్తే అదే మీకు జవాబు.

నీలాంబరి

చిట్టాపద్దు గారూ, హారం గురించి చెప్పింది చదివి రిపోర్టు మళ్లీ తీశాను. నిజంగానే జీతం వివరాలు క్లాసులో సగం కంటే కొంచెం ఎక్కువ మందివే. ఈమెయిల్ ఈ రాత్రే పంపుతున్నాను.

ఇంకో సందేహం. మాస్టర్స్‌లో నా పక్కన కూర్చునేవాళ్లు ఎక్కువమంది డిగ్రీ అయిన వెంటనే వచ్చినవాళ్లు. నా రెండేళ్ల అనుభవం అక్కడ వృథా అవుతుందా? మళ్లీ మొదటి మెట్టు ఉద్యోగమేనా?

వలసపక్షి

నేను ఎంబీయే వైపు మొగ్గడానికి కారణం అదే. మేనేజ్‌మెంట్ మాస్టర్స్ అయ్యాక కంపెనీలు ట్రైనీగానో జూనియర్‌గానో తీసుకుంటాయి. ఎంబీయే తర్వాత ఒక మెట్టు పైన మొదలవుతుంది. రెండేళ్ల చదువు, ఆ రెండేళ్లు రాకుండా పోయే జీతం కూడా లెక్కేసుకోండి. తరగతిలో కూడా తేడా తెలుస్తుంది. ఐఈఎస్‌ఈ లాంటి కేస్ పద్ధతి (కంపెనీల అసలు సమస్యలు చర్చిస్తూ నేర్చుకునే) స్కూళ్లలో పాఠం సగం తోటివాళ్ల అనుభవం నుంచే వస్తుంది. ఆసుపత్రి నడిపినవాళ్లు, సైన్యంలో పనిచేసినవాళ్లు మాట్లాడుతుంటే వినడం వేరు.

అయితే ఒక మాట. ఎంబీయేలో రెండేళ్ల అనుభవం అంటే మీరు చిన్నవాళ్లలో చిన్నవాళ్లు. ఎంబీయే కోర్సులకి గుర్తింపు ఇచ్చే ఆంబా సంస్థ గుర్తింపు ఉన్నవాటికి కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలన్న నియమం ఉంది. మీకు సీటు ఎలా ఇచ్చారో నాకు తెలియదు, బహుశా చేరేనాటికి మూడేళ్లు నిండుతాయేమో. సీటు వచ్చిందంటే వాళ్లకి మీలో ఏదో కనిపించింది, దాన్ని తక్కువ చేయను. కానీ కంపెనీ దగ్గర మీ పక్కన ఆరేళ్లు చేసినవాళ్లు నిలబడతారు.

తూరుపుగాలి

జర్మనీ మాస్టర్స్‌లో బయటివాళ్లకి పెద్దగా తెలియని సంగతి ఒకటి ఉంది, "వెర్క్‌స్టూడెంట్". చదువుతూనే కంపెనీలో వారానికి 20 గంటల వరకు, చదువుకి సంబంధించిన పని చేయడం. అక్కడ ఇది మామూలు. పెద్ద కంపెనీల సప్లయ్ చెయిన్ విభాగాల్లో ఇలాంటివాళ్లు ఎప్పుడూ ఉంటారు. మాస్టర్స్ థీసిస్ కూడా కంపెనీ సమస్య మీదే రాయొచ్చు. అంటే చేరిన ఆరునెలలకే లోపలికి వెళ్లి, పట్టా నాటికి ఏడాది పైగా అక్కడ పనిచేసినట్టవుతుంది. మీ ఆడిట్ అనుభవం ఉపయోగపడేది ఇక్కడే. ఇరవై మూడేళ్ల పిల్లలతో పోటీలో వెర్క్‌స్టూడెంట్ పని ముందుగా మీకే వస్తుంది.

పది నెలల ఎంబీయేలో దీనికి టైము లేదు. అది ఎవరి తప్పూ కాదు, ఆ కోర్సు కట్టిందే అలా.

భాష లెక్క కూడా చూడండి. జర్మన్‌లో బీ2 స్థాయికి, అంటే మీటింగ్‌లో కూర్చుని వాదించగలిగే స్థాయికి, గోథే ఇన్‌స్టిట్యూట్ అంచనా 600 నుంచి 800 పాఠాలు, ఒక్కోటి 45 నిమిషాలు. గంటల్లో 450 నుంచి 600. వారానికి పది గంటల చొప్పున పెట్టినా ఏడాది. ఎంబీయే చదువుతూ వారానికి పది గంటలు భాషకి పెట్టినవాళ్లని నేను చూడలేదు. కన్సల్టింగ్‌లోనో టెక్నాలజీ కంపెనీలోనో ఇంగ్లీషుతో నెట్టుకు రావచ్చు. కానీ సప్లయ్ చెయిన్ అంటే ఫ్యాక్టరీ, గిడ్డంగి, లారీ డ్రైవరు. రాత్రి పదకొండుకి లోడు ఆగిపోతే ఫోన్ ఎత్తే మనిషి జర్మన్‌లోనే మాట్లాడతాడు.

నెదర్లాండ్స్‌లో ఇంగ్లీషుకి చోటు ఎక్కువ, అది మీకు ఊరట.

నీలిమబ్బు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను, ఉద్యోగ అనుభవం లేదు. నేరుగా ఎంబీయేకి వెళ్లొచ్చా? జీమ్యాట్ ప్రవేశ పరీక్షలో ఎంత రావాలి?

వలసపక్షి

నీలిమబ్బు గారూ, అనుభవం లేకుండా ఇచ్చే ఎంబీయేలు ఉన్నాయి, వాటి జోలికి వెళ్లకండి. మీ దశకి పుట్టిందే మేనేజ్‌మెంట్ మాస్టర్స్. ఈఎస్‌సీపీ, హెచ్‌ఈసీ, మాన్‌హైమ్, రోటర్‌డామ్ చూడండి. ఈఎస్‌సీపీ 1819లో పుట్టింది, పారిస్, లండన్, బెర్లిన్, మాడ్రిడ్, ట్యూరిన్, వార్సాల్లో క్యాంపస్‌లున్నాయి, ఒకే కోర్సులో దేశాలు మారుతూ చదవొచ్చు.

జీమ్యాట్ ఇప్పుడు మారింది. మూడు భాగాలు, ఒక్కోటి 45 నిమిషాలు, మొత్తం రెండుంపావు గంటలు. వ్యాసం లేదు. స్కోరు 205 నుంచి 805 వరకు. పాత స్కోర్లతో పోల్చకండి. పాత 700కి దగ్గరగా ఉండేది ఇప్పటి 645. "700 రావాలి" అని పాత వెబ్‌సైట్లలో చదివి భయపడుతున్నవాళ్లు చాలామంది. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, ఐఎల్‌టీఎస్, టోఫెల్ రెండేళ్లే. కాబట్టి జీమ్యాట్ ముందు రాసేయండి, భాష పరీక్ష దరఖాస్తుకి దగ్గరలో రాయండి.

నిర్వాహకులు

ఈ చర్చలో రెండు పోస్టులు తొలగించాం. సీటు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీల ప్రకటనలు ఇక్కడ వద్దు. కొత్త ప్రశ్నలు ఉన్నవాళ్లు వేరే చర్చ మొదలుపెట్టండి, నీలాంబరి గారి ప్రశ్న పక్కకి పోకుండా.

నీలాంబరి

ధన్యవాదాలు. ఇప్పుడు డబ్బు, వీసా సంగతి. ఎంబీయేకి దాదాపు మొత్తం అప్పే చేయాలి. మాస్టర్స్‌కి ఫీజు లేదు, బతకడానికి అయ్యే ఖర్చే. ఈ తేడా చూసి మాత్రమే నిర్ణయించడం పొరపాటా?

చిట్టాపద్దు

పొరపాటేమీ కాదు. అప్పు అన్నది చదువయ్యాక మీరు ఏ ఉద్యోగానికి "వద్దు" అనగలరో నిర్ణయిస్తుంది. పెద్ద అప్పు ఉన్నవాళ్లు మొదట వచ్చిన పెద్ద జీతం పట్టుకోవాల్సి వస్తుంది, ఇష్టమైన రంగం పక్కకి పోతుంది. సప్లయ్ చెయిన్ జీతాలు కన్సల్టింగ్, బ్యాంకింగ్ జీతాల స్థాయిలో మొదలవవు.

అప్పు చేసేటట్లయితే మూడు చూడండి. చదువుకునే కాలంలో వాయిదా లేకపోయినా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, అది అసలులో కలుస్తుందా లేదా. వడ్డీ స్థిరమా, మారేదా. అప్పు ఏ దేశం డబ్బులో, జీతం ఏ దేశం డబ్బులో. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. డాలర్లలో అప్పు చేసి యూరోల్లో జీతం తీసుకుంటే, మారకం రేటు కదిలినప్పుడల్లా మీ అప్పూ కదులుతుంది. హామీదారు లేకుండా అప్పిచ్చే ప్రాడిజీ ఫైనాన్స్ లాంటి సంస్థలూ ఉన్నాయి. ఇన్సియాడ్‌లో చదివినవాళ్లే 2007లో పెట్టారు. సౌకర్యమే, కానీ పైన చెప్పిన ఈ మూడూ వాళ్లనీ అడగండి.

జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా రాష్ట్రాల్లో ఫీజు లేని మాట నిజం. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి యూరప్ బయటి విద్యార్థుల దగ్గర తీసుకుంటోంది, మీ స్కూలు ఏ రాష్ట్రమో చూసుకోండి. ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోగల ఖాతాలో) ముందే చూపించాలి, దానికి ఇప్పటి నుంచే సిద్ధపడండి.

చదువయ్యాక ఉండనిచ్చే కాలం: జర్మనీ 18 నెలలు. నెదర్లాండ్స్ ఒక ఏడాది, అయితే దాన్ని పట్టా వచ్చిన మూడేళ్లలోపు ఎప్పుడైనా తీసుకోవచ్చు. బ్రిటన్ ఇప్పుడు మాస్టర్స్‌వాళ్లకి రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకి 18 నెలలు. కెనడా 2024 ఫిబ్రవరి నుంచి రెండేళ్లలోపు మాస్టర్స్‌కి కూడా మూడేళ్ల దాకా ఇస్తోంది. ఇవి మారుతూనే ఉంటాయి, టికెట్ కొనేముందు ఆయా ప్రభుత్వాల పేజీల్లో మళ్లీ చూడండి. జర్మనీలో ఇంకో మంచి సంగతి, అక్కడి యూనివర్సిటీ పట్టా ఉన్నవాళ్లకి చదువుకి తగ్గ ఉద్యోగంలో రెండేళ్లు చేశాక శాశ్వత నివాసానికి దారి ఉంది.

మూడోబెంచీ

మార్కుల గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. జర్మనీలో 1.0 అంటే అన్నిటికంటే పైన, 4.0 అంటే అంచు మీద పాస్. ఫ్రాన్స్‌లో 20కి లెక్క, 10 వస్తే పాస్, 14 వస్తే పండగ చేసుకుంటారు. ఒక సెమిస్టరు బయట చదివి వస్తే ఈ మార్కులు ఒకదానిలోంచి ఇంకోదానిలోకి మారతాయి, ఆ మార్పిడి పట్టిక ముందే అడిగి దగ్గర పెట్టుకోండి. క్రెడిట్లూ అంతే. యూరప్‌లో ఏడాదికి 60 ఈసీటీఎస్ క్రెడిట్లు, ఒక్కోటి 25 నుంచి 30 గంటల పని. వెళ్లేముందే లెర్నింగ్ అగ్రిమెంట్ (అక్కడ ఏ కోర్సులు చదువుతారో రాసుకునే కాగితం) మీద రెండు స్కూళ్ల సంతకాలూ ఉండాలి. నా స్నేహితుడు ఒకడు వెళ్లాక కోర్సు మార్చుకుని, ఆ మార్పు కాగితం మీద పెట్టించలేదు. తిరిగొచ్చాక ఆ క్రెడిట్లు లెక్కకి రాలేదు. ఒక సెమిస్టరు ఎక్కువ ఉండాల్సి వచ్చింది.

నీలాంబరి

ఎంబీయే స్కూలు కెరీర్ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది, నేను అనుకున్నదానికంటే నిజాయితీగా. జర్మన్ రాకుండా జర్మనీలో చేరినవాళ్లు ఉన్నారు, దాదాపు అందరూ ఈ-కామర్స్, టెక్నాలజీ కంపెనీల్లో. సప్లయ్ చెయిన్‌లో చేరిన ఇద్దరితో మాట్లాడించారు. ఇద్దరూ ఎంబీయేకి ముందే జర్మన్ వచ్చినవాళ్లు, ఒకరు అంతకుముందు ఏడేళ్లు ఫ్యాక్టరీలో ప్లానింగ్ చేశారు. జనవరి బ్యాచ్‌కి మార్చడం కుదరదన్నారు.

మాస్టర్స్‌కి ఒప్పుకుంటూ ఈ ఉదయం రాశాను. వలసపక్షి గారూ, మీరు చెప్పిన మెట్టు తేడా నాకు ఇంకా బరువుగానే ఉంది, కానీ ఆ మెట్టు మీద నిలబడటానికి కావలసిన భాషా, అనుభవమూ రెండూ ఇప్పుడు నా దగ్గర లేవు.

తూరుపుగాలి గారూ, జర్మన్ ఇప్పుడే మొదలుపెట్టాలా, అక్కడికి వెళ్లాకా? సెమ్స్ దరఖాస్తు ఎప్పుడు?

వలసపక్షి

మీరు అడగాల్సినవాళ్లని అడిగే నిర్ణయించుకున్నారు. ఎంబీయే ఎక్కడికీ పోదు, పదేళ్ల తర్వాత ఉద్యోగం చేస్తూనే చదివే ఎగ్జిక్యూటివ్ ఎంబీయే కంపెనీ డబ్బుతోనే చేయొచ్చు. శుభాకాంక్షలు.

తూరుపుగాలి

ఇప్పుడే మొదలుపెట్టండి. వెళ్లేలోపు ఏ2 స్థాయి (మెట్లు ఏ1, ఏ2, బీ1, బీ2 వరసలో ఉంటాయి) చేతిలో ఉంటే అక్కడ యూనివర్సిటీ భాషా కేంద్రంలో నేరుగా బీ1 తరగతిలో కూర్చోవచ్చు. మొదటి సెమిస్టరులో ఏ1 దగ్గర మొదలుపెడితే వెర్క్‌స్టూడెంట్ ఇంటర్వ్యూల నాటికి నోరు తిరగదు. స్థాయి పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోండి, "నేర్చుకుంటున్నాను" అన్న మాటకి రెజ్యూమెలో విలువ లేదు.

సెమ్స్‌కి చాలా స్కూళ్లలో మొదటి ఏడాదిలోనే దరఖాస్తు, రెండో ఏడాదికి ఎంపిక. సీట్లు తక్కువ. మార్కులు, భాషల రుజువు, ఇంటర్వ్యూ మూడూ చూస్తారు. మీ స్కూలు సెమ్స్ ఆఫీసుకి ఇప్పుడే రాసి తేదీలు, ఏ భాషా సర్టిఫికెట్లు ఒప్పుకుంటారో అడగండి. విదేశీ సెమిస్టరుకి రోటర్‌డామ్ మొదటి ఎంపికగా పెట్టండి, నెదర్లాండ్స్ కూడా చూసినట్టవుతుంది. ఆ స్కూలుకి సప్లయ్ చెయిన్‌లో మంచి పేరుంది.

వీసా అపాయింట్‌మెంట్ తేదీలు త్వరగా నిండిపోతాయి. అడ్మిషన్ లెటరు చేతికి రాగానే ఆ వరసలో నిలబడండి, మిగతా కాగితాలు ఆ తర్వాత పోగు చేసుకోవచ్చు.